నూరో విద్యార్థి ఎక్కడ?

మీరు జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలో బీటెక్ చదువుతున్నారా? అయితే ఓసారి మీ హాల్‌టికెట్ నంబర్ తీసి చూడండి. అందులో పది స్థానాలుంటాయి. మొదటి రెండు అంకెలు మీరు చేరిన సంవత్సరం. తర్వాతి రెండూ కాలేజీ కోడ్. ఆ పక్కన 1ఏ ఉంటే రెగ్యులర్, 5ఏ ఉంటే డిప్లొమా చేసి రెండో ఏడాదిలో చేరినవారు. ఆపై రెండంకెలు బ్రాంచి: 05 అంటే సీఎస్ఈ, 04 అంటే ఈసీఈ. చివరి రెండు స్థానాలు మీ రోల్ నంబర్.

ఇప్పుడు ఒక ప్రశ్న. రోల్ నంబర్‌కు ఉన్నది రెండే స్థానాలు. 01 నుంచి 99 వరకు సరే. మరి బ్రాంచిలో నూరో విద్యార్థి సంగతేంటి? అతని నంబర్ ఏ0. ఆ తర్వాత ఏ1, ఏ2... ఏ9 అయ్యాక బీ0. అంటే 110వ విద్యార్థి బీ0, 120వ విద్యార్థి సీ0. చదువుకునే నాలుగేళ్లూ దీన్ని చూస్తూనే ఉంటాం. కానీ ఎందుకిలా పెట్టారో ఒక్కరోజూ ఆలోచించం.

పాత అల్వాల్‌లో మా వీధి కుర్రాడొకడు మొన్నీమధ్య నా దగ్గరికొచ్చాడు. ల్యాబ్ రికార్డులు వేయడానికి క్లాసులో 120 మందికీ తలా ఒక ఫోల్డర్ తయారుచేసే పని అతనికి అప్పజెప్పారు. షెల్ స్క్రిప్ట్ రాశాడు. ఒకే ఒక్క లైన్. రెప్పపాటులో ఫోల్డర్లన్నీ వచ్చేశాయి. భలే సంబరపడ్డాడు. తీరా సాయంత్రానికి 21 మంది ఫోన్లు: 'అన్నా, నా ఫోల్డర్ కనబడట్లేదు'. ఏం జరిగిందో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. వాడు 01 నుంచి 99 వరకే తిప్పాడు. ఏ0 మొదలు సీ0 దాకా ఉన్నవాళ్లు వాడి స్క్రిప్ట్ దృష్టిలో అసలు పుట్టనే లేదు.

'చిన్న తప్పే కదా అంకుల్' అన్నాడు. చిన్నదే. కానీ ఉద్యోగంలో మనల్ని నమ్మాలా వద్దా అన్నది తేలేది ఇలాంటి చిన్న తప్పుల దగ్గరే. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది అదే.

కోర్సులు సరే, పేర్లు పెట్టడం వచ్చా?

ఈ పేజీ చదివే మీలో చాలామంది అడిగేది ఒకటే: ఏ కోర్సు చేయాలి? క్లౌడా, డేటా సైన్సా, ఏఐయా? అమీర్‌పేట వెళ్తే వీటన్నిటికీ బోర్డులు కనిపిస్తాయి. ఫైళ్లకు పేర్లు పెట్టడం నేర్పుతామనే బోర్డు మాత్రం ఒక్కటీ ఉండదు. ఎవరికీ అది ఒక విద్యలా అనిపించదు మరి.

అల్వాల్ నుంచి పొద్దున్నే రాజీవ్ రహదారి పట్టుకుని హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట మీదుగా తుర్కపల్లి వైపు వెళ్లే బస్సులు చూడండి. జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్లూ అమ్మాయిలూ వాటిలో కనిపిస్తారు. బయోటెక్ చదివినవాళ్లు, ఫార్మసీ చదివినవాళ్లు, మామూలు బీఎస్సీ వాళ్లు. వీళ్లలో చాలామందికి ఏదో ఒకనాడు వేల ఫైళ్లు చేతికొస్తాయి. వాటి పేర్లు మార్చాలి, వరుసలో పెట్టాలి, ఒక్కోదాన్ని సరైన నమూనాతో కలపాలి. ఒక్కొక్కటిగా చేస్తే వారం. షెల్‌లో రాస్తే ఒక్క నిమిషం. తప్పు రాస్తే? తప్పు కూడా ఒక్క నిమిషంలోనే వేల ఫైళ్లకు పాకుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. అనుభవించి చెబుతున్నాను.

నీళ్ల గుంట చెప్పిన నిజం

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ల్యాబ్‌లో డేటా పని చూసేవాణ్ని. విత్తనాల డీఎన్‌ఏ పరీక్షలు చేసేవాళ్లు. ఈ లాట్ విత్తనం చెప్పిన రకమేనా, కల్తీ కలిసిందా అని తేల్చే పని. తొలకరికి ముందు ఊపిరాడనంత రద్దీ.

ఇలాంటి పరీక్షలకు అరచేయంత ప్లాస్టిక్ ప్లేట్ ఒకటి వాడతారు. అందులో 96 చిన్న గుంటలు. ల్యాబ్ భాషలో వెల్స్. అడ్డంగా ఎనిమిది వరుసలు: వాటి పేర్లు ఏ నుంచి హెచ్ వరకు. ఒక్కో వరుసలో 12 గుంటలు. కాబట్టి మొదటి గుంట ఏ1, ఆ వరుసలో చివరిది ఏ12, మొత్తం ప్లేట్‌లో చివరిది హెచ్12. ప్రపంచంలో ఏ ల్యాబ్‌కు వెళ్లినా ఇదే లెక్క. మా మెషీన్ ఒక్కో గుంటకు ఒక్కో ఫైలు ఇచ్చేది. ఫైలు పేరులో గుంట పేరు ఉండేది.

రిజిస్టర్‌లో నమూనాలు 1 నుంచి 95 వరకు. 96వది నమూనా కాదు, ఉత్త నీళ్లు. హెచ్12లో కావాలనే నీళ్లు మాత్రమే పోస్తారు. అందులో ఏమీ కనిపించకూడదు. కనిపించిందంటే ఎక్కడో తేడా జరిగినట్టు.

నేను చేసిందేంటంటే, ఫోల్డర్‌లోని ఫైళ్లను వరుసగా తీసుకుని మొదటిదానికి 1, రెండోదానికి 2 అంటూ రిజిస్టర్ నంబర్లు వేసే స్క్రిప్ట్ రాశాను. పట్టుమని పది లైన్లు కూడా లేవు. నడిపాను. 96 ఫైళ్లకు 96 పేర్లు. లెక్క సరిపోయింది. ఎర్రర్ ఒక్కటీ రాలేదు.

మర్నాడు మా సీనియర్ మేడమ్ పిలిచారు. '96లో డీఎన్‌ఏ కనిపిస్తోంది. 88వ నమూనా ఖాళీగా ఉంది. ఏమైంది బాబూ?' అన్నారు.

ఏమైందో తెలుసుకోవడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. మనం ఏ1, ఏ2, ఏ3 అని లెక్కపెడతాం. కంప్యూటర్ అలా లెక్కపెట్టదు. దానికి ఏ10 అన్నది పదో నంబర్ కాదు, మూడు గుర్తుల వరుస మాత్రమే. నిఘంటువులో పదాలు చూసినట్టు ఎడమ నుంచి ఒక్కో గుర్తునే పోల్చుకుంటూ పోతుంది. అందుకే దాని వరుస ఇలా ఉంటుంది: ఏ1, ఏ10, ఏ11, ఏ12, ఆ తర్వాతే ఏ2, ఏ3... ఏ9. నా స్క్రిప్ట్ ఏ10 ఫైలును తీసుకెళ్లి రెండో నమూనాకు తగిలించింది. ప్రతి వరుసలో మొదటి గుంట ఒక్కటే సరిగ్గా పడింది. ఎనిమిది వరుసలకు ఎనిమిది ఒప్పు, మిగతా 88 తప్పు. నీళ్లు పోసిన హెచ్12 వెళ్లి 88వ స్థానంలో కూర్చుంది. 93వ నమూనా నీళ్ల పేరు పెట్టుకుంది.

మేడమ్ తిట్టలేదు. ఒక్క మాటే అడిగారు: 'ఆ నీళ్ల గుంట లేకపోతే?'

లేకపోతే రిపోర్టులు వెళ్లిపోయేవి. మంచి విత్తనానికి కల్తీ ముద్ర, కల్తీదానికి మంచి పేరు. ఆ సంచి కొనుక్కుని పొలంలో చల్లే రైతుకు షెల్ స్క్రిప్ట్ అంటే ఏంటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పంట చేతికొచ్చే రోజున మాత్రం నా పది లైన్ల ఫలితం అతనికి తెలిసొచ్చేది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

సున్నా విలువ సున్నా కాదు

దీనికి మందు చాలా చవక. ఏ1 బదులు ఏ01 అని రాయడమే. ముందు ఒక సున్నా చేర్చగానే అన్ని పేర్ల పొడవూ ఒకటవుతుంది. అప్పుడు అక్షరాల వరుస, అంకెల వరుస రెండూ కలిసిపోతాయి. బ్యాష్‌లో ఇది ఎంత తేలికో చూడండి. ఫ్లవర్ బ్రాకెట్లలో ఏ, రెండు చుక్కలు, హెచ్. దాని పక్కనే ఖాళీ వదలకుండా ఇంకో జత ఫ్లవర్ బ్రాకెట్లలో 01, రెండు చుక్కలు, 12. అంతే. ఏ01 నుంచి హెచ్12 వరకు 96 పేర్లూ మీ ముందుంటాయి.

ఇక్కడో మెలిక. ఈ సున్నాల సదుపాయం 2009లో వచ్చిన బ్యాష్ 4 నుంచే ఉంది. మ్యాక్ కంప్యూటర్లతో వచ్చే బ్యాష్ ఇంకా 3.2 దగ్గరే ఆగింది. అక్కడ అదే లైన్ రాస్తే సున్నాలు ఎగిరిపోతాయి. మీ ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది కదా అని పక్కవాళ్ల మెషీన్ మీద గుడ్డిగా నడపొద్దు అనేది ఇందుకే.

ఇంకోటి: ఫ్లవర్ బ్రాకెట్లలో అంకె బదులు వేరియబుల్ పెడితే బ్యాష్ దాన్ని విప్పదు. ఎందుకంటే ముందు బ్రాకెట్ల పని అయ్యాకే వేరియబుల్ విలువ చూస్తుంది. చివరి నంబర్ ముందే తెలియనప్పుడు ఎస్ఈక్యూ కమాండ్ వాడండి. దానికి డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే సున్నాలు అదే చేరుస్తుంది.

జడ్ తర్వాత ఏముంది?

అక్షరాలతో ఇంకో చిక్కుంది. అవి 26తో అయిపోతాయి. 96 గుంటల ప్లేట్‌కు పెద్దన్నలున్నాయి. 384 గుంటల దానికి ఏ నుంచి పీ వరకు 16 వరుసలు. 1536 గుంటల దానికి 32 వరుసలు. జడ్ దాటాక ఏఏ, ఏబీ అంటూ ఏఎఫ్ దాకా వెళ్తారు. ఎక్సెల్ కాలమ్స్‌లో మీరు రోజూ చూసేదే. కానీ ఫోల్డర్‌లో చూస్తే ఏ పక్కనే ఏఏ వచ్చి కూర్చుంటుంది, బీ కంటే ముందు. ఏ10 కథే మళ్లీ, ఈసారి అక్షరాల్లో. బ్యాష్‌లో ఏఏ నుంచి ఏఎఫ్ అని నేరుగా రాసినా పని జరగదు. దానికి ఒంటి అక్షరాల వరుసే తెలుసు. ముందు ఏ రాసి, దానికి ఆనించి ఫ్లవర్ బ్రాకెట్లలో ఏ, రెండు చుక్కలు, ఎఫ్ పెట్టాలి.

ఈ చిక్కును అందంగా విప్పిన ఉదాహరణ లైనక్స్‌లోనే ఉంది. పెద్ద ఫైలును ముక్కలు చేసే స్ప్లిట్ అనే కమాండ్ ఆ ముక్కలకు ఎక్స్‌ఏఏ, ఎక్స్‌ఏబీ అని పేర్లు పెడుతుంది. రెండక్షరాలతో 676 పేర్లు వస్తాయి. ముక్కలు అంతకు మించితే? లైనక్స్‌లో ఉండే గ్నూ స్ప్లిట్ ఎక్స్‌జడ్‌జడ్ దాకా పోదు. ఎక్స్‌వైజడ్ దగ్గరే ఆగి, తర్వాతి ముక్కకు ఎక్స్‌జడ్‌ఏఏఏ అని పేరు పెడుతుంది. జడ్‌తో మొదలయ్యే పేర్లను పొడవు పెంచుకోవడానికే దాచి ఉంచిందన్నమాట. పేరు పొడవు మారినా వరుస చెడదు. ముక్కలన్నిటినీ అక్షర క్రమంలో అతికిస్తే పాత ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది. ఇలా ముందుచూపుతో పేరు పెట్టినవాళ్లను చూసి నేర్చుకోవాలి.

ఇప్పుడు మళ్లీ మీ హాల్‌టికెట్ చూడండి. 99 తర్వాత 100 అని రాసి ఉంటే పొడవు పెరిగేది, వరుస చెడేది. ఏ0 అనడంతో స్థానాలు రెండే ఉన్నాయి. కంప్యూటర్ వరుసలో అంకెల తర్వాతే అక్షరాలు వస్తాయి కాబట్టి 99 వెనకాలే ఏ0 నిలబడుతుంది. నాలుగేళ్లు మన జేబులో మోసిన కార్డులో ఇంత తెలివి దాగుంది!

టీఎస్ ముందా, టీజీ ముందా?

అల్వాల్ రోడ్డు మీద నిలబడి నంబర్ ప్లేట్లు చదవండి. అదీ అక్షరాల వరుస పాఠమే. మేడ్చల్ జిల్లా కోడ్ 08. ఆర్టీసీ బస్సు నంబర్లలో జడ్, పోలీసు వాహనాలకు పీ. నంబర్లు 9999కి చేరాక కొత్త సిరీస్ అక్షరాలు. ఒకటి, సున్నాలతో కలగాపులగం కాకుండా ఐ, ఓ అక్షరాలను వదిలేస్తారు.

మన వాహనాల మీద 2014 జూన్‌కు ముందు ఏపీ. ఆ తర్వాత టీఎస్. 2024 మార్చి నుంచి టీజీ. ఒక అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు వాహనాల ఆర్సీ కాపీలను నంబర్ పేరుతో సేవ్ చేశారనుకోండి. వరుసలో పెడితే ఏమవుతుంది? జీ అక్షరం ఎస్ కంటే ముందు. కొత్త టీజీ బండి పాత టీఎస్ బండి కంటే పైన కనిపిస్తుంది. టీఎస్ ఉన్నవే వెతికే స్క్రిప్ట్ ఉంటే కొత్త బండ్లన్నీ దానికి కనిపించకుండా పోతాయి. తప్పు నంబర్ ప్లేట్‌ది కాదు. వరుసను చూసి ఏది పాతదో, ఏది కొత్తదో చెప్పగలం అనుకున్న మనది.

తేదీలకూ ఇదే సూత్రం. 15-08 అని రోజు ముందు రాస్తే ఆగస్టు, సెప్టెంబరు ఫైళ్లు కలిసిపోతాయి. సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో 2024-03-15 అని రాస్తే అక్షర క్రమమే కాలక్రమం అవుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పేదీ ఇదే.

బెంచీ కాదు, హాల్‌టికెట్

సున్నాలు చేర్చడం వల్ల సగం రోగమే పోతుంది. అసలు పాఠం అది కాదు. నా తప్పు ఏ10 దగ్గర మొదలైంది కాదు. ఫైళ్ల వరుస, రిజిస్టర్ వరుస ఒకటే అని అనుకోవడం దగ్గర మొదలైంది. సున్నాలు సరిగ్గానే ఉండి, మధ్యలో ఒక్క ఫైలు రాకపోయినా చాలు. అక్కడి నుంచి అందరి ఫలితం ఒక మెట్టు పక్కకు జరుగుతుంది.

పరీక్ష హాలులో మూడో బెంచీలో కూర్చున్నవాడికి మూడో పేపరు మార్కులు వేస్తారా? వేయరు. హాల్‌టికెట్ నంబర్ చూసి వేస్తారు. మీ స్క్రిప్టూ అదే చేయాలి. ఏ01 గుంటలో ఏ నమూనా ఉందో చెప్పే ఒక చిన్న పట్టిక పక్కన పెట్టుకోండి. ఫైలు పేరులోని గుంటను చదివి, పట్టికలో వెతికి, దొరికితేనే పేరు మార్చాలి. దొరకకపోతే ఆగి చెప్పాలి. కలిపేటప్పుడు పేరు చూసి కలపండి, వరుస చూసి కాదు.

పేరును కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. మనుషుల జన్యువుల్లో కొన్నిటికి మార్చ్1, సెప్ట్2 వంటి పొట్టి పేర్లుండేవి. ఎక్సెల్ వాటిని మార్చి ఒకటి, సెప్టెంబరు రెండు అని తేదీలుగా మార్చేసేది. జీనోమ్ బయాలజీ పత్రికలో 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఎక్సెల్‌లో జన్యువుల జాబితా జత చేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదోవంతులో ఈ తరహా తప్పులున్నాయి. చివరికి జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీయే దిగొచ్చింది. 2020లో ప్రకటించిన మార్గదర్శకాల్లో మార్చ్1ను మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్ పేర్లను సెప్టిన్‌గా మార్చింది. ఒక సాఫ్ట్‌వేర్ అలవాటు కోసం సైన్సే పేరు మార్చుకుంది! పేరు పెట్టడం చిన్న పని అని ఇంకా అంటారా?

'ఏఐ రాసిపెడుతుంది కదా?'

ఈ మాట నాకు వారానికోసారి వినిపిస్తుంది. నిజమే, ఏఐని అడిగితే లూప్ రాసిపెడుతుంది. చాలాసార్లు నాకంటే శుభ్రంగా రాస్తుంది. నేనూ వాడతాను. కానీ మీ క్లాసులో నూరో విద్యార్థి నంబర్ ఏ0 అని ఎవరు చెప్పాలి? హెచ్12లో నీళ్లున్నాయని, టీఎస్ స్థానంలో టీజీ వచ్చిందని ఎవరు చెప్పాలి? అడిగేవాళ్లే చెప్పాలి. '01 నుంచి 120 వరకు ఫోల్డర్లు చెయ్యి' అని అడిగితే తప్పు లేకుండా 120 ఫోల్డర్లు చేస్తుంది. వాటిలో 001 ఉంటుంది, ఏ0 ఉండదు. స్క్రిప్ట్ ఒప్పే, జవాబు తప్పు. స్క్రిప్ట్ రాయడం రోజురోజుకీ చవకవుతోంది. అది రాసింది సరైనదో కాదో చెప్పగలగడమే ఇకముందు మీకు జీతం తెచ్చేది.

ఇంకో వాదన కూడా వింటుంటాను: ఇవన్నీ పనిలో చేరాక అలవాటవుతాయి, ఇప్పట్నుంచే ఎందుకు? నాకు అలాగే అలవాటైంది. ఆ రోజు నీళ్ల గుంట కాపాడింది. ప్రతి ఉద్యోగంలో మనకోసం ఒక నీళ్ల గుంట ఉండదు.

ఈ ఆదివారం చేయాల్సింది

లైనక్స్ లేకపోయినా పర్వాలేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ గానీ గిట్ బ్యాష్ గానీ వేసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనైతే టర్మక్స్ చాలు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఒక కాపీ తీసుకుని ఆ కాపీ మీదే సాధన చేయండి. ఈ అలవాట్లు చేసుకోండి:

ముందు చూడండి, తర్వాత చేయండి. పేరు మార్చే కమాండ్ ఎంవీ. దాని ముందు ఎకో అని చేర్చి నడిపితే పని జరగదు, ఏం జరగబోతోందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. మొదటి ఐదు లైన్లు, చివరి ఐదు లైన్లు చదవండి. తప్పులు ఎక్కువగా చివర్లోనే దాక్కుంటాయి.

ఒకదాని మీద ఒకటి పడనీయకండి. కొత్త పేరుతో అప్పటికే ఫైలు ఉంటే ఎంవీ మామూలుగా అడగా పెట్టకుండా పాతదాన్ని చెరిపేస్తుంది. దానికి ఎన్ ఆప్షన్ ఇస్తే ఆ పని చేయదు, ఐ ఆప్షన్ ఇస్తే అడుగుతుంది. 26 అక్షరాలతో పేర్లు పెడుతూ 27వ ఫైలుకు మళ్లీ ఏ అని పెట్టారంటే మొదటి ఫైలుకు నీళ్లొదులుకున్నట్టే.

పెద్ద, చిన్న అక్షరాలు కలపకండి. లైనక్స్‌లో పెద్ద ఏ, చిన్న ఏ వేర్వేరు ఫైళ్లు. విండోస్‌లో మామూలుగా రెండూ ఒకటే. 52 ఫైళ్లు అక్కడికి పంపితే 26 మిగలొచ్చు. పెద్ద ఏ నుంచి చిన్న జడ్ దాకా అని ఒకే వరుస అడిగినా తిప్పలే. మధ్యలో ఆరు గుర్తులు చొరబడతాయి.

పేరులో ఖాళీలొద్దు. మార్క్స్ మెమో అని విడదీసి రాస్తే షెల్‌కు అవి రెండు ఫైళ్లు. ఖాళీ బదులు అండర్‌స్కోర్ వాడండి. ఎవరో పంపిన ఫైళ్లలో ఖాళీలుంటే, స్క్రిప్ట్‌లో వేరియబుల్‌కు రెండు వైపులా డబుల్ కోట్స్ పెట్టండి.

చేసింది రాసి ఉంచండి. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఉన్న జాబితా ఒకటి దాచుకుంటే ఎంత తప్పు జరిగినా వెనక్కి రావచ్చు. నా 88 ఫైళ్లను సరిచేయగలిగింది అసలు ఫైళ్ల కాపీ వేరేగా ఉండబట్టే.

లెక్క ఒక్కటే సరిచూసి ఊరుకోకండి. 96కి 96 వచ్చాయి కదా అని నేను ఊరుకున్నాను. ఫలితం ముందే తెలిసిన ఒకటి రెండు ఫైళ్లను తెరిచి చూడండి. అదే మీ నీళ్ల గుంట.

తెలుగు పేర్లు పెడితే?

తప్పకుండా పెట్టొచ్చు. లైనక్స్‌కు ఏ అభ్యంతరమూ లేదు. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో పేరుకు 255 బైట్లే హద్దు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. అంటే 85 గుర్తులు. మనం ఒక్క అక్షరంగా చూసే శ్రీలోనే శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు ఉన్నాయి.

రెండోది వరుస. బ్యాష్‌లో ఫ్లవర్ బ్రాకెట్లలో అ నుంచి హ వరకు అని రాస్తే, రాసింది రాసినట్టే తిరిగొస్తుంది. దానికి ఇంగ్లిష్ అక్షరాల వరుసే తెలుసు. పైగా మనం బడిలో ళ, ఱ అక్షరాలను చివర్లో చదువుకున్నాం. యూనికోడ్‌లో మాత్రం ర పక్కనే ఱ, ల పక్కనే ళ, ఆ తర్వాతే వ. తెలుగు పేర్ల జాబితాను ఆ సంఖ్యల ప్రకారం వరుస పెడితే మన వర్ణమాల వరుస రాదు. తెలుగు డేటాతో పనిచేసేవాళ్ల అవసరం ఇప్పుడు పెరుగుతోంది. ఈ తేడా తెలిసినవాళ్లు తక్కువ. అందులో మీరొకరవ్వండి.

చివరిగా ఒక మాట. ఇంటర్వ్యూలో 'నాకు షెల్ స్క్రిప్టింగ్ వచ్చు' అని అందరూ రాస్తారు. మీరు ఇంకొకటి చెప్పండి. ఫలానా చోట ఇన్ని ఫైళ్ల పేర్లు మార్చాను, ఇలా తప్పు దొర్లింది, ఇలా పట్టుకున్నాను అని. ఎదుట కూర్చున్నవాళ్లకు పని తెలిసి ఉంటే ఆ ఒక్క మాటతో కుర్చీ ముందుకు లాక్కుంటారు.

మా వీధి కుర్రాడు ఆ రాత్రే స్క్రిప్ట్ సరిచేశాడు. 01 నుంచి 99, ఏ0 నుంచి బీ9, ఆపైన సీ0. మొత్తం 120. నడిపాక ఫోన్ చేసి, 'అంకుల్, ఈసారి లెక్క చూసి ఊరుకోలేదు. ముందు ఏ0 ఫోల్డర్ తెరిచి చూశాను' అన్నాడు.

పని నేర్చుకున్నాడని అప్పుడు నమ్మకం కుదిరింది.